వద్దు – లేదు – కాదు

మన ఇళ్ళల్లో పిల్లవాడికి మాటలు ఆలస్యమైతే మొట్టమొదట వినబడే పేరు ఏ డాక్టరుదీ కాదు, వసకొమ్ముది. పచారీ కొట్టుకెళ్ళి కొమ్ము తెచ్చి, సానమీద అరగదీసి, కాస్త తేనె కలిపి నాలిక్కి రాస్తారు. గలగలా వాగేవాణ్ణి 'వసపిట్ట' అనడం మనందరికీ తెలిసిందే. వస పనిచెయ్యకపోతే గుడి, గుడి తరువాత తాయెత్తు, తాయెత్తు తరువాత "వాళ్ళ నాన్నకీ అయిదో ఏటనే మాటలొచ్చాయిలే" అన్న ఓదార్పు. పసివాళ్ళకి వస నాకించడం మంచిది కాదని పిల్లల డాక్టర్లు చెబుతున్నారు గనుక దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ దాని వెనకనున్న ఆరాటం మీద నాకు గౌరవమే. నా బాధల్లా ఆ ఆరాటమంతా నాలిక చుట్టూనే ప్రదక్షిణం చేస్తుందని! మాట నాలిక మీదనే పుడుతుందనుకుంటాం. అక్కడితో ఆగితే ఫరవాలేదు. నాలిక తిరగని పిల్లవాడికి చెప్పుకోవలసింది కూడా ఏమీ వుండదనుకుంటాం. ఆ రెండో మాట మీదనే నా పేచీ.

ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివేవాడికి ఈ గొడవ ఎందుకయ్యా అని మా లెక్చరరుగారే ఒకసారి అడిగారు. గొడవ మా ఇంట్లోదే. అనకాపల్లిలో వుంటున్న మా అక్కకి ఒక కొడుకు. వాడి పేరు ఇక్కడ రాయను. రేపు పెద్దయ్యాక ఈ సంచిక వాడి కంటపడితే "నన్నడక్కుండా నా పేరెందుకు వేశావు మామయ్యా?" అని నిలదీసే హక్కు వాడికుంది. అంచేత 'మావాడు' అంటాను.

మావాడికి సెరిబ్రల్ పాల్సీ. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో ఎదుగుతున్న మెదడుకి దెబ్బ తగిలితే వచ్చే స్థితి ఇది. అంటురోగం కాదు, రోజురోజుకీ ముదిరే జబ్బూ కాదు. కండరాలకి మెదడు పంపే ఆజ్ఞలు తిన్నగా అందవు. కొందరికి నడక మాత్రమే తేడా చేస్తుంది, కొందరికి చెయ్యి, కొందరికి నోరు కూడా. మాట పలకాలంటే ఊపిరి, గొంతు, నాలిక, పెదవులు, దవడ అన్నీ లెక్క తప్పకుండా ఒకదాని వెంట ఒకటి కదలాలి. కచేరీలో పక్కవాద్యాలన్నీ శ్రుతిలో వుండాలన్నట్టు. మావాడికి ఆ శ్రుతి కుదరదు. 'మ్మ' అనగలడు, 'ఊఁ' అనగలడు, నవ్వగలడు, అరవగలడు. కుడి చెయ్యి పిడికిలి బిగించి, గురి కుదుర్చుకుని, ఎక్కడికైనా తేగలడు గాని దానికి కొంత వ్యవధి కావాలి.

వాడికి రెండేళ్ళప్పుడు ఒక పెద్ద డాక్టరుగారు అటు తిరిగి చెయ్యి కడుక్కుంటూనే "బుద్ధి ఎదగలేదమ్మా, ఎక్కువ ఆశ పెట్టుకోకు" అన్నారు. వాడు అక్క ఒళ్ళోనే వున్నాడు. పిల్లవాడి ఎదురుగా అలా అనవచ్చునా అని ఆయన అనుకున్నట్టు లేదు, ఎందుకంటే ఆయన దృష్టిలో అక్కడ వినేవాడు లేడు! కానీ ఇంటికొచ్చాక మా బావగారు ఆఫీసులో జరిగిన ఏదో తమాషా చెబుతుంటే, పాయింటు వచ్చీ రాకముందే పకపకా నవ్వింది ముందు మావాడు. మేమంతా వాడి తరువాతే నవ్వాం. బుద్ధి ఎదగనివాడు జోకుకి ముందుగా నవ్వడమెలాగో ఆ డాక్టరుగారే చెప్పాలి.

విశాఖపట్నంలో ఒక స్పీచ్ థెరపిస్టుగారి దగ్గరకు చేరేసరికి వాడికి నాలుగో ఏడు. ఆవిడ మొదట చేయించింది వినికిడి పరీక్ష. చెవి సంగతి తేలకుండా నోటి సంగతి మాట్లాడకూడదట. మాట ఆలస్యమైన ప్రతి పిల్లవాడికీ ముందు చెయ్యవలసిన పని ఇదేనని ఆవిడ ఖచ్చితంగా చెప్పారు. వినికిడి బాగానే వుంది. అప్పుడు అక్కని ఒక ప్రశ్న అడిగారు. అప్పటిదాకా అందరూ అడిగింది "ఎన్ని మాటలొచ్చు?" అని. ఈవిడ అడిగింది "మీతో ఏమేం చెబుతాడు?" అని. అక్క చెప్పుకుంటూ పోయింది. ఫ్యాను వంక చూస్తే ఉక్కపోస్తోందని, తలుపు వంక చూసి 'ఊఁ' అంటే నాన్న స్కూటరు చప్పుడైందని, మెడ పక్కకి తిప్పేస్తే పెరుగన్నం వద్దని, మా అమ్మ వేపు చూసి నవ్వితే కథ చెప్పమని. ఆవిడ అన్నీ రాసుకున్నారు. పన్నెండో పదమూడో అయ్యాయి. "వీడు మాట్లాడుతూనే వున్నాడు. మీరొక్కరే చదవగలిగే లిపిలో మాట్లాడుతున్నాడు. దాన్ని అచ్చువేయించాలి, అంతే" అన్నారు.

'అడగందే అమ్మయినా పెట్టదు' అని సామెత. మావాడిలాంటి పిల్లల విషయంలో ఈ సామెత పూర్తిగా తలకిందులు. అడక్కముందే అమ్మ పెట్టేస్తుంది. దాహం వెయ్యకముందే నీళ్ళు, ఆకలి పుట్టకముందే బువ్వ. ప్రేమతోనే. కానీ అడిగే అవసరమే రాకపోతే అడగడం ఎలా పుడుతుంది? తాను చేసిన దానివల్ల లోకంలో ఏదైనా కదులుతుందని పిల్లవాడికి తెలిసేదెలా? మామూలు పిల్లలు గిలక విసిరికొట్టీ, గ్లాసు దొర్లించీ ఈ పాఠాన్ని ఏడాది నిండకుండానే నేర్చేస్తారు. చెయ్యి స్వాధీనంలో లేనివాడికి విసిరికొట్టే భాగ్యం కూడా లేదు. అందుకని థెరపిస్టుగారు మాటతో మొదలుపెట్టలేదు, ఆటతో మొదలుపెట్టారు.

ఇక్కడ నా ఫిజిక్సు కాస్త అక్కరకొచ్చింది. పూర్ణా మార్కెట్‌లో డప్పు కొట్టే కోతిబొమ్మ ఒకటి కొన్నాను. బ్యాటరీ బొమ్మే, కాని దాని మీట గోటితో జరిపేది. మావాడి వల్ల కాదు. దానికో చిటకా వుంది. బ్యాటరీకీ, దాన్ని ఆనుకునే రేకుకీ మధ్య ఒక సన్నని పలక దూర్చాలి. పలకకి రెండు వేపులా రాగి పూత, నడుమ కరెంటు పారని పొర. రెండు ముఖాలకీ చెరో తీగ సోల్డరింగు చేసి బయటికి లాగితే, ఆ తీగలు రెండూ కలిసినప్పుడే కోతి డప్పు కొడుతుంది. ఇక తీగల్ని కలిపే మీట కావాలి. అరచెయ్యంత ప్లైవుడ్డు ముక్కలు రెండు తీసుకుని, లోపలివేపు వంటింట్లో వాడే అల్యూమినియం కాగితం అతికించి, మధ్యలో కన్నాలు చేసిన స్పాంజి పెట్టాను. నొక్కితే కన్నాల్లోంచి రేకులు తగులుకుంటాయి, వదిలితే విడిపోతాయి. బొమ్మ ఖరీదు పోను నూరు రూపాయలు కూడా కాలేదు. ఇంటర్ చదివిన ఎవరైనా ఒక సాయంత్రంలో చెయ్యగల పని ఇది. కనెక్షను ఇలాగే పెట్టుకుంటే రేపు కోతి బదులు రైలుబండి, రేడియో, బల్ల మీద లైటు, ఏదైనా తగిలించవచ్చు.

మీట వాడి పిడికిలి దిగే చోట పెట్టాం. మొదట మూడుసార్లు చెయ్యి ఊరికే తగిలి కోతి టకటకమంది. వాడు కోతి వంక చూశాడు. నాలుగోసారి కోతిని కాదు, తన పిడికిలిని చూసుకున్నాడు. మళ్ళీ కోతిని, మళ్ళీ పిడికిలిని. తరువాత వరసగా అరగంట సేపు ఆ ఇంట్లో డప్పు ఆగితే ఒట్టు! పక్కింటివాళ్ళు ఏదో ఊరేగింపనుకుని వీధి గుమ్మంలోకొచ్చారు. తన చేత్తో తాను జరిపించిన మొదటి సంగతి వాడికి ఆ డప్పు.

తరువాతి మెట్టు కష్టం. మీట వాడి దగ్గరే వుంటుంది, నేను తీగని బొమ్మ నుంచి తీసేస్తాను. కోతి ఆగిపోతుంది. 'ఇంకా' అని రాసిన బొమ్మకార్డు వాడి ముందుంటుంది. ఇప్పుడు నేనేమీ చెయ్యకూడదు. ఏం నాన్నా, ఇంకా కావాలా, కొట్టమంటావా అని అడక్కూడదు, చెయ్యి పట్టి కార్డు మీద పెట్టకూడదు. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుంటూ, ముఖం మీద ఆశ వుంచుకుని వాడి వంకే చూస్తూ కూర్చోవాలి. లోలకం ప్రయోగంలో ఇరవయ్యేసి డోలనాలు అవలీలగా లెక్కపెట్టే నాకు ఈ పది అంకెలూ పది యుగాలయ్యాయి. ఆరు దగ్గర చెయ్యి లేస్తుంది, ఏడు దగ్గర దారి తప్పుతుంది, తొమ్మిది దగ్గర మళ్ళీ లేస్తుంది. మనమంతా సాధారణంగా మూడు దగ్గరే నోరు తెరిచేస్తాం. మన పిల్లల మాటల్లో ఎన్ని ఆ మిగిలిన ఏడు అంకెల్లో పోతున్నాయో!

ఇది చూసి మా అమ్మకి ఒళ్ళు మండింది. "పసివాణ్ణి ఊరించి ఏడిపిస్తార్రా? ఇదేం చదువురా మీది?" అంది. థెరపిస్టుగారితో చెబితే ఆవిడ సగం అమ్మ వేపే మాట్లాడారు. తిండి, నీళ్ళు, దొడ్డికి వెళ్ళడం, నొప్పి, భయం – వీటిల్లో దేన్నీ పాఠం కోసం ఆపకూడదు, అడిగినా అడక్కపోయినా ఇవ్వవలసిందే. నిరీక్షణ అంతా ఆటలోనే అన్నారు. నాకిది చాలా సబబుగా తోచింది. ఆకలితో వున్నవాడికి కార్డు చూపిస్తే బువ్వ పెడతాననడం చదువు చెప్పడం కాదు, గుంజీలు తీయించడం. అమ్మ శాంతించింది, కాని ఆ కోతిని మాత్రం ఈనాటికీ క్షమించలేదు.

అట్ట మీద బొమ్మలు చూపించి మాట్లాడే పద్ధతికి ఒక చిత్రమైన చరిత్ర వుంది. చార్లెస్ బ్లిస్ అని ఒకాయన, 1897లో నాటి ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో పుట్టాడు. యూదుడు. 1938లో నాజీలు డకావు, బూకెన్‌వాల్డు నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. బయటపడి షాంఘై చేరాడు. అక్కడ చైనా లిపిని చూసి, ఒకరి నుడి ఒకరికి తెలియకపోయినా చదువుకోగల గుర్తుల భాష ఒకటుంటే ప్రపంచంలో ఇన్ని యుద్ధాలు వుండవని కలగన్నాడు. ఆస్ట్రేలియాలో స్థిరపడి 1949లో తన గుర్తుల గ్రంథం అచ్చువేశాడు. ప్రపంచం పట్టించుకోలేదు. 1971లో కెనడాలో, టొరంటో నగరపు వికలాంగ బాలల కేంద్రంలో పనిచేసే షర్లీ మెక్‌నాటన్ అనే ఉపాధ్యాయిని బృందానికి ఆ పుస్తకం దొరికింది. నోరు తిరగని పిల్లల ముందు ఆ గుర్తులు పరిచారు. పిల్లలు వాక్యాలు చెప్పడం మొదలుపెట్టారు! బ్లిస్‌కి మొదట పట్టరాని ఆనందం, తరువాత తన గుర్తుల్ని తన ఇష్టం లేకుండా మారుస్తున్నారని పట్టరాని కోపం. వ్యవహారం చాలా ఏళ్ళు నలిగింది. దేశాల మధ్య శాంతి కోసం పుట్టిన భాష చివరికి పిల్లలకీ వాళ్ళ అమ్మలకీ మధ్య పనికొచ్చింది. ఇదీ తక్కువేం కాదని నా అభిప్రాయం.

మావాడి అట్ట స్వీటు పెట్టె మూతతో మొదలైంది. ఎనిమిది పెద్ద గళ్ళు, గడికొక బొమ్మ, కింద తెలుగులో మాట. పిడికిలి ఎక్కడ ఆగితే అది వాడి మాట. చెయ్యి మొరాయించిన రోజున ఇంకో ఉపాయం. ఫొటో ఫ్రేములు కట్టే కొట్లో దొరికే పారదర్శకపు పలక తీసుకుని, నడుమ కిటికీలా కోసి, నాలుగు మూలలా నాలుగు బొమ్మలు అతికిస్తాం. ఎదురుగా పట్టుకుని కిటికీలోంచి వాడి కళ్ళలోకి చూస్తే వాడు ఏ మూలకి చూస్తున్నాడో ఇట్టే తెలిసిపోతుంది. అదీ కాకపోతే మనం బొమ్మల పేర్లు నింపాదిగా చదువుతూ పోతే కావలసిన దగ్గర 'ఊఁ' అంటాడు. థెరపిస్టుగారు పెట్టిన షరతు ఒకటే. వాడితో మాట్లాడే ప్రతివాళ్ళూ తామూ ఆ అట్ట మీద వేలు పెడుతూ మాట్లాడాలి. ఏడాదిపాటు మన మాటలు చెవిన పడితే గాని ఏ పిల్లవాడూ మొదటి మాట అనడు. మరి అట్టభాష ఎవరూ మాట్లాడగా చూడని పిల్లవాడు దాన్ని ఎక్కణ్ణుంచి నేర్చుకుంటాడు?

"ఈ అట్ట అలవాటైతే ఇక వాడికి మాటలు రావేమో" అని బావగారి భయం. ఈ భయం లేని తల్లిదండ్రులు వుండరట. 2006లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు అంతకు ముందరి అధ్యయనాలన్నీ పోగేసి, గట్టిగా నిలిచే 27 కేసుల్ని ఏరి చూశారు. బొమ్మలూ సైగలూ నేర్పినందువల్ల నోటిమాట తగ్గిన కేసు ఒక్కటీ లేదు. పదింట దాదాపు తొమ్మిదింట ఎంతో కొంత పెరిగింది కూడా. ఆ పెరుగుదల కొండంత కాదు, కొద్దిపాటిదే. అయినా బావగారి భయానికి అది చాలు.

ఇప్పుడు నా శీర్షికకి వస్తాను. మొదట మేము తెచ్చుకున్న బొమ్మలు ఇంగ్లీషు పిల్లల కోసం వేసినవి. అందులో 'నో' అని ఒకటే బొమ్మ, ఎర్ర అడ్డగీత. మావాడు పెరుగు గిన్నె ముందు దాని మీద పిడికిలి వేశాడు. అక్కేమో వద్దంటున్నాడని గిన్నె తీసేసింది. వాడు ఏడుపు. నా గదిమిత్రుడు, తెలుగు ఎమ్మే చదువుతున్నాడు, ఆ ఆదివారం నాతో వచ్చాడు. కాసేపు చూసి "మీ ఫిజిక్సువాళ్ళకి సున్నా ఒక్కటేరా, తెలుగువాడికి మూడు సున్నాలు!" అన్నాడు. నిజమే కదా! పెరుగు వద్దు, పెరుగు లేదు, ఇది పెరుగు కాదు. మూడూ మూడు సంగతులు. మొదటిది ఇష్టం, రెండోది లోకం, మూడోది నిజం. గిన్నెలో వున్నది మజ్జిగ. వాడు చెప్పింది 'ఇది పెరుగు కాదు' అని. ఇంగ్లీషు గీత ఒక్కటి ఆ మూడింటినీ మింగేసి కూర్చుంది. ఆ రాత్రే మా మిత్రుడు మూడు బొమ్మలు వేశాడు. నెట్టేస్తున్న అరచెయ్యి వద్దు, బోర్లించిన ఖాళీ గిన్నె లేదు, తప్పు గుర్తు కాదు.

తెలుగుతో ఇంకా తమాషాలున్నాయి. తిను అన్న బొమ్మ ఒకటే. తింటాను, తిన్నాను, తినను అన్నవి వినేవాడు ఊహించుకోవాలి. 'రా' అన్న గడి మీద పిడికిలి వేసి తాతగారిని పిలిస్తే, పెద్దవాళ్ళని 'రండి' అనాలి కదా అని ఎదురింటి మామ్మగారు నొచ్చుకున్నారు. తాతగారికే లేని బాధ ఆవిడకెందుకో! అయినా ఇప్పుడు 'రండి' కూడా ఒక గడిలో వుంది. మావాడు దాన్ని పిల్లికి మాత్రమే వాడతాడు.

'వద్దు' చేతికొచ్చిన నెలలో మా ఇల్లు కురుక్షేత్రమైంది. ఇడ్లీ వద్దు, స్నానం వద్దు, చొక్కా వద్దు, నా పాట వద్దు. బుగ్గ గిల్లబోయిన చుట్టాలావిడ వద్దు. ఆవిడకి కోపం వచ్చింది. "వెర్రిబాగులవాడిలా బంగారంలా వుండేవాడు, మొండిఘటాన్ని చేశారు. ముందా బొమ్మ పీకెయ్యండే" అంది. అక్క ఎప్పుడూ పెద్దవాళ్ళకి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం పప్పు గరిటె పక్కన పెట్టి, "మనందరికీ వద్దనేది నోట్లో వుంది పిన్నీ. వాడిది అట్ట మీదుంది. మీ నోట్లోది పీకుతానంటే ఊరుకుంటారా?" అంది. ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఆ బొమ్మ పీకలేదు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమనిపించింది అదే. మనకి ముద్దొచ్చే మాటలు చెప్పినంతసేపే పిల్లవాడి దగ్గర వుంచి, మనకి నచ్చని మాట అనగానే లాక్కునేదైతే అది వాడి గొంతు కాదు, మన చిలక. అలాగని వాడన్న ప్రతి వద్దుకీ లోకం ఆగదు. కాళ్ళు బిగుసుకుపోకుండా చేయించే వ్యాయామం ఆపడానికి వీల్లేదు. అప్పుడు అక్క అంటుంది: "వద్దన్నావు, విన్నాను నాన్నా. అయినా చెయ్యాలి. పది లెక్కపెట్టి వదిలేస్తాను" అని. పదితో ఆపేస్తుంది కూడా. మొదట్లో ఏడుపు తగ్గలేదు. తరువాత తరువాత వద్దు అని కొట్టి, తానే 'ఊఁ' అంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఒక రాత్రి ఒంటిగంటకి లేచి ఆపకుండా ఏడుస్తున్నాడు. అట్ట రెండో పేజీలో మనిషి బొమ్మ, పక్కన 'నొప్పి'. అక్క లైటు వేసి అట్ట పట్టుకుంది. ఏడుస్తూనే పిడికిలి తెచ్చి నొప్పి మీద, తరువాత చెవి మీద. తెల్లవారి డాక్టరు చూస్తే చెవిలో చీము పట్టబోతోంది. మందు పడింది, మూడు రోజుల్లో తగ్గింది. అంతకు ముందు ఏడాది కూడా ఇలాంటి ఏడుపులు చాలా వున్నాయి, వాటిని పేచీ అనీ దిష్టి అనీ అనుకునేవారు. వాటిల్లో ఎన్ని చెవినొప్పులో ఎవరికీ తెలియదు.

మరో హెచ్చరిక కూడా ఈ సందర్భంలో చెయ్యాలి. మా సంగతి విని ఒకాయన, పిల్లవాడి చెయ్యి మనం పట్టుకుని అక్షరాల మీద నడిపిస్తే చాలు, లోపలి పాండిత్యమంతా పైకి తన్నుకొస్తుందని, కవితలు కూడా రాస్తారని చెప్పాడు. 1990 ప్రాంతాల్లో అమెరికాలో ఇది పెద్ద గాలిలా వీచింది. అప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు పిల్లవాడికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్న మనిషికి వేరే బొమ్మ చూపించి పరీక్ష పెట్టారు. అక్షరాల్లో వచ్చింది చెయ్యి పట్టుకున్నవాళ్ళు చూసిన బొమ్మ పేరు! పాపం వాళ్ళు మోసగాళ్ళు కారు, తమ చెయ్యి నడుపుతోందని వాళ్ళకే తెలియదు. ఆ పద్ధతి వాడవద్దని అమెరికా స్పీచ్ వైద్యుల సంఘం 2018లో మరోసారి గట్టిగా ప్రకటించింది. మోచెయ్యి కింద దిండు పెట్టండి, అట్టని వంచి పట్టుకోండి, కుర్చీకి బిగించండి. మాటని మాత్రం వాణ్ణే ఎంచుకోనివ్వండి.

ఇక ఆట దగ్గరకే మళ్ళీ వస్తాను, ఎందుకంటే అసలు మజా అక్కడుంది. ఒక మాట రికార్డు చేసి పెట్టుకుని, నొక్కితే పలికే గుండ్రటి పెద్ద బటన్లు దొరుకుతున్నాయి. రెండు కొన్నాం. ఎవరి గొంతు పెట్టాలి? నా బొంగురు గొంతు ఆరేళ్ళవాడి తరఫున మాట్లాడితే ఏం బావుంటుంది! పక్కింట్లో రెండో తరగతి చదివే కుర్రాడి చేత పలికించాం. ఒక బటన్ మీద "నా వంతు!", ఇంకోదాని మీద "తొండి!" ఆ రెండో మాట నా ఎంపిక కాదు, ఆ కుర్రాడిదే. "ఆడుకోడానికి ఇదొక్కటీ చాలు అన్నయ్యా" అన్నాడు. గొప్ప మాట! వైకుంఠపాళి పరిచారు. పాచికని ఒక పళ్ళెంలో పెడితే మావాడు పిడికిలితో పళ్ళాన్ని తోస్తాడు, పాచిక దొర్లుతుంది. అంతకు ముందు వీధి పిల్లలు వచ్చి, గుమ్మంలో నిలబడి వాణ్ణి జాలిగా చూసి పోయేవారు. ఇప్పుడు వచ్చి పోట్లాడుతున్నారు. పాము నోట్లో పడ్డవాడు నిచ్చెనెక్కబోతే "తొండి!" ఎవరూ తొండి చెయ్యకపోయినా తాను ఓడిపోతుంటే "తొండి!" "నువ్వే తొండిరా!" అని పిల్లలు ఎదురు తిరుగుతారు. ఆ రభసకి మా అమ్మ నెత్తి కొట్టుకుంటుంది. ఆ రభస వినడానికే నేను శనివారం సాయంత్రం పాసింజరు ఎక్కుతాను.

ఈ దారిన చాలా దూరం వెళ్ళినవాళ్ళు మన దేశంలోనే వున్నారు. బొంబాయిలో మిథూ ఆలూర్‌గారు తన కూతురు మాలిని కోసం వెతికి వెతికి, తగిన బడి దొరక్క, 1972లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాని స్థాపించారు. ఆ మాలినీ చిబ్‌గారు ఒక్క వేలితో టైపుచేస్తూ చదువుకున్నారు, ఉద్యోగం చేశారు, 'వన్ లిటిల్ ఫింగర్' అని ఆత్మకథ రాశారు. మద్రాసులో విద్యాసాగర్ సంస్థ పిల్లల మధ్య కూర్చుని అజిత్ నారాయణన్ అనే ఐ.ఐ.టి. ఇంజనీరు 'ఆవాజ్' అనే మాట్లాడే పరికరం తయారుచేశాడు, 2011లో ఎమ్.ఐ.టి. వారి పత్రిక ఆయన్ని ఆ ఏటి 35 మంది యువ ఆవిష్కర్తల్లో ఒకరిగా ఎంచుకుంది. సికిందరాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ మేధోవైకల్యం వున్న పిల్లల కోసం వుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. అందులో మాటకీ భాషకీ సంబంధించిన వైకల్యం విడిగా వుంది. 'సంభాషణ' అన్న మాటకి అర్థం చెబుతూ బొమ్మలూ, సైగలూ, ప్రత్యామ్నాయ సాధనాలూ అన్నీ సంభాషణే అని రాసింది. అంటే మావాడి స్వీటు పెట్టె మూతకి పార్లమెంటు ఆమోదం వుందన్నమాట!

మావాడికీ ఒక టాబ్లెట్ కొనే ఆలోచన వుంది. అయినా అట్టని పారెయ్యం. అట్టకి ఛార్జింగు అక్కర్లేదు, కరెంటు పోదు, స్నానాల గదిలో తడిస్తే తుడిస్తే చాలు. అసలు నాకు కావలసినది వేరు. మన కాలేజీలో సోల్డరింగు ఐరన్లు వున్నాయి, మనలోనే బొమ్మలు వేసేవాళ్ళు, తెలుగు తెలిసినవాళ్ళు, మంచి గొంతున్నవాళ్ళు వున్నారు. విశాఖలో మావాడొక్కడే వుండడు. తెలుగు పిల్లలకి తెలుగు బొమ్మలు కావాలి. అమ్మమ్మ వేరు, నాయనమ్మ వేరు. గ్రాండ్‌మదర్ అని ఒక తెల్లజుట్టు కళ్ళజోడు ముసలమ్మని వేస్తే మా ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. ఈ విషయం యూనియన్ కార్యదర్శితో మాట్లాడాను. సెమిస్టరు పరీక్షలు కానిమ్మన్నాడు. అవీ అయ్యాయి.

పోయిన నెల మావాణ్ణి ఆర్.కె. బీచికి తీసుకొచ్చాం. సముద్రం చూడడం అదే మొదటిసారి. అరిచాడు, నవ్వాడు, అల కాలికి తగిలితే ఊపిరి బిగబట్టాడు. తిరుగు రైల్లో అట్ట అడిగాడు. నీళ్ళు మీద కొట్టాడు, తరువాత పెద్ద మీద. సముద్రానికి గడి లేదు, వాడే కట్టుకున్నాడు. మేం పొంగిపోతున్నాం గాని వాడు ఆగలేదు. అమ్మమ్మ మీద కొట్టాడు. "సముద్రం గురించి అమ్మమ్మకి చెబుదామా?" అంది అక్క. కాదు. "అమ్మమ్మ దగ్గరకి తొందరగా వెళ్ళాలా?" అన్నాన్నేను. కాదు. మళ్ళీ నీళ్ళు, పెద్ద, అమ్మమ్మ, ఆ తరువాత చాలాసేపు చెయ్యి తిప్పుకుని, రా. ఎదురు సీట్లో బెల్లం వ్యాపారి ఒకాయన అంతసేపూ మమ్మల్నే చూస్తున్నాడు. "మీ అమ్మగారిని కూడా తెమ్మంటన్నాడండి" అన్నాడు. మావాడు 'ఊఁ' అని గట్టిగా అరిచాడు. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాం. ఈ వయసులో నాకు ఇసకలో నడకేమిటి, నేను రానంది. మావాడు అట్ట దగ్గరకి పిడికిలి తెచ్చి ఇంకా అని ఒకసారి, రండి అని ఒకసారి కొట్టాడు. అమ్మ కాసేపు ఆ 'రండి' వంక చూస్తూ కూర్చుంది. పై ఆదివారం పాసింజరుకి నాలుగు టిక్కెట్లు తీయమంది.